ఒకటో తరగతి అయ్యేసరికి పిల్లలకు అసలు ఏం రావాలి?

ఇద్దరుపిల్లలనాన్న
మా పెద్దోడు ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరాడు. ఆరేళ్లు నిండటానికి ఇంకా రెండు నెలలుంది. బడి తెరిచి రెండు నెలలు కూడా కాలేదు, నిన్న పేరెంట్స్ మీటింగుకి వెళితే టీచరు గారు నోట్సులు ముందు పెట్టి "మీవాడు బాగా వెనకబడ్డాడు, ఇంట్లో కూర్చోబెట్టి చదివించండి" అన్నారు. ఇప్పటికే రోజూ నాలుగు పేజీల కాపీ రైటింగ్, వంద నుంచి ఒకటి దాకా వెనక్కి రాయడం, ఐదో ఎక్కం దాకా అప్పజెప్పడం, నెలల పేర్లు స్పెల్లింగులతో సహా. రాత్రి తొమ్మిదికి పెన్సిల్ చేతిలో ఉండగానే నిద్రపోతున్నాడు. మా ఆవిడకి, నాకు రోజూ ఇదే టెన్షన్.

కానీ నాకు భయం వేసింది ఇంకో చోట. ఒకటి నుంచి వంద దాకా ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. మొన్న డబ్బాలోంచి ఏడు పెన్సిళ్లు తీసుకురారా అంటే గుప్పెడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎన్ని ఉన్నాయి అంటే "ఏడు" అన్నాడు. లెక్కపెడితే పదకొండు. నేను తెమ్మన్నానని తెచ్చాడు తప్ప, ఏడు అంటే ఎంతో వాడికి తెలియదని అప్పుడు అర్థమైంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఒకటో తరగతి పూర్తయ్యేసరికి పిల్లాడికి నిజంగా ఏం రావాలి?

పలకాబలపం
పద్నాలుగేళ్లుగా ఒకటి, రెండు తరగతులకే చెబుతున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. "వెనకబడ్డాడు" అంటే దేనితో పోలిస్తే? కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డకీ అర్థం చేసుకుంటూ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలన్నది దాని ఉద్దేశం. అందులో ఏ తరగతికి ఎంత అని లక్ష్యాలు రాసి ఉన్నాయి. ఒకటో తరగతికి ఏముందో తెలుసా? వయసుకి తగ్గ చిన్న వాక్యాలు, నాలుగైదు సులువైన మాటలున్నవి, అంతకుముందు చూడనివి చదవగలగాలి. 99 వరకు అంకెలు చదవాలి, రాయాలి. చిన్న చిన్న కూడికలు, తీసివేతలు చేయాలి. అంతే. అది కూడా సంవత్సరం చివరికి, రెండో నెలకి కాదు. ఎక్కాలు అందులో లేవు. గుణకారం మూడో తరగతి లక్ష్యంలో వస్తుంది.

"అంతకుముందు చూడనివి" అన్న మాట గమనించండి. పాఠం పదిసార్లు వల్లె వేయించాక పుస్తకం చూస్తూ చెప్పడం చదవడం కాదు. మా క్లాసులో ఏటా ఒకరిద్దరు ఉంటారు, పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా పాఠం తప్పు లేకుండా చెప్పేస్తారు.

రైలుబండి77
టీచరు గారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. మీరు చెప్పింది కనీసం రావాల్సింది. కనీసం దగ్గరే ఆగిపోతే రేపు మూడు, నాలుగు తరగతుల్లో పిల్లలే ఇబ్బంది పడతారు. మా పాప ఒకటో తరగతిలోనే పదో ఎక్కం దాకా చెప్పింది, ఇప్పుడు నాలుగో తరగతి, లెక్కల్లో ఎక్కడా తడబడదు. మనమందరం ఎక్కాలు బట్టీ పట్టే పైకి వచ్చాం కదా. కంఠస్థం అంటే అంత చిన్నచూపు ఎందుకో.

గాలిపటం
@రైలుబండి77 మీ పాపకి వచ్చింది, సంతోషం. ఇక్కడ నిద్రపోతూ రాస్తున్న పిల్లాడి సంగతి అడుగుతున్నారు అండీ.

లెక్కలమాస్టారు
ఎక్కాలు కంఠస్థం చేయడం తప్పేమీ కాదు, రైలుబండి గారు చెప్పింది నిజమే. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఎక్కాలు రాని పిల్లలు భిన్నాల దగ్గర ఎంత అవస్థ పడతారో నాకు తెలుసు. కాకపోతే దానికి ముందు ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు లేకుండా ఎక్కాలు నేర్పితే అది పాట అవుతుంది, లెక్క కాదు. పెన్సిళ్ల సంగతి చదవగానే నాకు అదే అనిపించింది.

ఇంట్లో ఒక చిన్న పని చేసి చూడండి. ఎనిమిది గుండీలు ఒక వరుసలో దగ్గర దగ్గరగా పెట్టండి. దాని కింద ఇంకో ఎనిమిది అలాగే, ఒకదాని కింద ఒకటి. రెండింట్లో సమానమా అని అడగండి, సమానం అంటాడు. ఇప్పుడు వాడి కళ్ల ముందే కింది వరుసని కొంచెం ఎడంగా జరపండి. మళ్లీ అడగండి. "కింద ఎక్కువ ఉన్నాయి" అన్నాడంటే కంగారు పడొద్దు. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త జ్యాఁ పియాజే ఇలాంటి పరీక్షలతో పేరుపొందాడు. ఆరేడేళ్ల లోపు చాలామంది పిల్లలు అలాగే అంటారు. పొడుగ్గా కనిపిస్తే ఎక్కువ అనుకుంటారు. జరిపితే సంఖ్య మారదన్నది మనం చెబితే వచ్చేది కాదు, వాళ్లు పదిసార్లు పెట్టి, తీసి, లెక్కపెట్టి తెలుసుకునేది.

మీవాడు ఏడు తెమ్మంటే గుప్పెడు తెచ్చాడంటే వాడికి అంకెల వరస వచ్చు, లెక్కపెట్టడం ఇంకా రాలేదు. ఈ రెండూ వేరు. లెక్కపెట్టడంలో ఒక్కో వస్తువుకి ఒక్కో అంకె అంటూ పోవాలి, చివర్లో చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియాలి. ఈ రెండో ముక్క దగ్గరే చాలామంది ఆగిపోతారు. "ఎన్ని ఉన్నాయి?" అంటే మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు చూడండి, అదే.

వెన్నెలవాకిలి
మాస్టారూ, గుండీలది ఇప్పుడే మా అమ్మాయితో చేశాను, ఐదున్నరేళ్లు. మీరు చెప్పినట్టే "కింద ఎక్కువ" అంది. ఎందుకు ఎక్కువ అంటే "అవి పెద్దయ్యాయి" అంది 😄

ఇద్దరుపిల్లలనాన్న
మావాడూ అంతే. కింది వరుస ఎక్కువట. మనసు కొంచెం తేలికపడింది. మరి 13ని 31 అని రాస్తున్నాడు, దానికి ఏం చేయాలి?

లెక్కలమాస్టారు
బడిలో అంకెలు ఇంగ్లీషులో చెబుతారు కదా? "థర్టీన్" అంటే చెవికి ముందు మూడు లాంటిది వినిపిస్తుంది, పది తర్వాత. "ఫోర్టీన్" అయితే మరీ స్పష్టంగా ముందు నాలుగే. విన్న వరసలో రాస్తే 41 అవుతుంది. పిల్లాడి తప్పు కాదు, చెవికి విన్నది చేయి రాసింది.

తెలుగులో చెప్పి చూడండి. పదమూడు. పది, మూడు. పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు, అన్నింట్లోనూ పది ముందే ఉంది. ఇరవై దాటాక ఇంకా సులువు, ఇరవై మూడు అంటే ఇరవై, మూడు. రాసే వరస, పలికే వరస ఒకటే. మన భాషలో ఉన్న ఈ సౌకర్యాన్ని మనమే వాడుకోవట్లేదు.

అగ్గిపుల్లలు (మందు తీసేసి) లేదా స్ట్రాలు పది కలిపి రబ్బరు బ్యాండుతో కట్ట కట్టించండి. కట్ట వాడే కట్టాలి, అది ముఖ్యం. పదమూడు అంటే ఒక కట్ట, మూడు విడివి. ముప్ఫై ఒకటి అంటే మూడు కట్టలు, ఒకటి విడిది. రెండూ పక్కపక్కన పెడితే 13కీ 31కీ ఉన్న తేడా కంటికే కనిపిస్తుంది.

సముద్రపుగాలి
మాస్టారు గారి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి మా ఆయనకి పంపాను. ఇన్నాళ్లూ మా పాపని దీనికోసమే తిడుతున్నాడు.

నీలిపెన్ను
లెక్కల గురించి చాలా వచ్చింది, అక్షరాల గురించి ఎవరూ చెప్పలేదు. మా బాబుకి అ నుంచి ఱ దాకా పాటలా వచ్చు. మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటి అంటే పెదవులు కదుపుతూ "క ఖ గ ఘ..." అని లోపల అనుకుంటూ, వేలు జరుపుకుంటూ అక్కడిదాకా వచ్చి అప్పుడు చెబుతాడు. చార్టు తీసేసి విడిగా 'ఘ' రాసి చూపిస్తే దిక్కులు చూస్తాడు. ఇది మామూలేనా?

పలకాబలపం
నీలిపెన్ను గారూ, చాలా మామూలు. వరసలో వచ్చినంత మాత్రాన అక్షరం వచ్చినట్టు కాదు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల అక్షరమాల వరసలో కాకుండా ముందు తేలికైన కొన్ని అక్షరాలు, వాటితో మాటలు చెబుతారు. త, ల, ప, వ, క వచ్చాయనుకోండి, తల, వల, పలక, కల, అన్నీ చదివేయొచ్చు. ఐదు అక్షరాలకే మాట చదివానన్న ఆనందం వస్తుంది. 'ఘ', 'ఝ' లాంటివి తర్వాత వచ్చినా నష్టం లేదు, ఆ వయసు పిల్లల మాటల్లో అవి ఎన్నిసార్లు వస్తాయి చెప్పండి?

పోలికలున్న అక్షరాలు ఒకే రోజు చెప్పకండి. ప, వ, ష ఒక గుంపు. మ, య ఇంకో గుంపు. ఒకేసారి చెబితే వీటిని కలగలిపేస్తారు. ఒకటి బాగా గట్టిపడ్డాక రెండోది. ఆ తర్వాత తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము. ఒకటో తరగతిలో గుణింతాల మాటలు కూడబలుక్కుని చదివితే చాలు. ఒత్తుల దగ్గర చాలామందికి ఇంకొన్నాళ్లు పడుతుంది.

తాతయ్యకబుర్లు
మా మనవరాలు ఒత్తుల దగ్గరికి వచ్చినప్పుడు "తాతా, ఈ అక్షరం కింద ఇంకో బుల్లి అక్షరం ఎందుకు కూర్చుంది?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక "దానికి తోడు" అన్నాను. అప్పటి నుంచి 'అమ్మ' చదివేటప్పుడు "మకి మ తోడు" అంటుంది. చదవడం మాత్రం వచ్చేసింది.

నేను చూసింది ఒకటి చెబుతాను. రోజూ రాత్రి కథ చెబుతాను. మర్నాడు ఆ కథ నాకే చెప్పమంటాను. మొదట్లో "ఒక సింహం ఉంది, అయిపోయింది" అనేది. ఇప్పుడు సింహం ఎందుకు అలిగిందో, ఆ తర్వాత ఏమైందో వరసగా చెబుతుంది. మధ్యలో నేను తప్పు చెబితే దిద్దుతుంది. ఇదీ చదువులో భాగమేనా టీచరమ్మా?

పలకాబలపం
బాబాయ్ గారూ, భాగం కాదు, పునాదే అది. మాటల్లో వరసగా చెప్పలేని పిల్లకి చదివిన వాక్యం అర్థం కాదు. నేను జులై అంతా క్లాసులో చేసేది ఎక్కువగా ఇదే.

పడవప్రయాణం
మేం పని మీద వేరే దేశాల్లో ఉన్నాం, ఇద్దరు పిల్లలూ ఒకటో తరగతి రెండు చోట్ల చదివారు, అందుకే చెబుతున్నాను. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే కామన్ కోర్ ప్రమాణాల్లో మొదటి గ్రేడుకి 120 దాకా లెక్కపెట్టడం, 20 లోపు కూడికలు తీసివేతలు, గడియారంలో గంట, అరగంట చెప్పడం ఉంటాయి. అక్కడా గుణకారం మూడో గ్రేడులోనే. ఫిన్లాండ్‌లో అయితే ఏడేళ్లు నిండే సంవత్సరంలో గానీ ఒకటో తరగతి మొదలవదు.

ఇంగ్లండ్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 2012 నుంచి అక్కడ 'ఇయర్ 1' అనే తరగతి చివర ప్రతి పిల్లాడితో 40 మాటలు చదివిస్తారు. అందులో 20 అర్థం లేని మాటలు, కావాలని తయారు చేసినవి. పక్కన ఒక వింత ప్రాణి బొమ్మ ఉంటుంది, ఇది దాని పేరు అని చెబుతారు. ఎందుకంటే అర్థం లేని మాటని ఎవరూ ముందే బట్టీ పట్టి ఉండరు కదా, అక్షరాలు కలుపుకుని చదవగలరా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది. పైన టీచరు గారు చెప్పిన తలకిందుల పుస్తకం పిల్లలు ఇక్కడ దొరికిపోతారు.

నీలిపెన్ను
భలే ఉంది. "లబుకి", "మిటారో", "గుపలు" అని మూడు రాసిచ్చాను. మొదటిది ల...బు...కి అని కూడబలుక్కుని చదివి పగలబడి నవ్వాడు. ఇప్పుడు చెల్లెల్ని లబుకి అని పిలుస్తున్నాడు. ఇంట్లో గొడవ.

రైలుబండి77
ఒప్పుకుంటున్నాను, గుండీల సంగతి, కట్టల సంగతి నాకు తెలియదు. కానీ ఒక్కటి చెప్పండి. బడివాళ్లు సిలబస్ అంత పెట్టినప్పుడు పిల్లాడు ఒక్కడే రాయకుండా కూర్చుంటే వాడికి అవమానం కాదా? మనం ఇక్కడ ఎన్ని చెప్పుకున్నా రేపు క్లాసులో నిలబడేది వాడే.

గాలిపటం
ఇది మాత్రం నిజమే. మా అక్క కూతురు ఇలాగే బడికి వెళ్లనని పొద్దున్నే కడుపునొప్పి అనేది.

చీకట్లోచుక్క
నాది వేరే అనుభవం, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా అమ్మాయి ఒకటో తరగతిలో బోర్డు మీదది ఎప్పుడూ సగమే రాసుకునేది. బద్ధకం అన్నారు, ఏకాగ్రత లేదన్నారు, చివరి బెంచీకి మార్చారు. ఇంట్లో నేను కూడా తిట్టాను, రెండు దెబ్బలు కూడా వేశాను. ఆర్నెల్ల తర్వాత ఒక చుట్టం వచ్చి "ఇది టీవీకి అంత దగ్గరగా కూర్చుంటుందేంటి" అంటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. దూరపు చూపు సరిగ్గా లేదు. కళ్లజోడు పెట్టుకుని బయటికి వచ్చిన మొదటి నిమిషంలో చెట్టు వైపు చూసి "అమ్మా, ఆకులు విడివిడిగా ఉంటాయా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఎవరైనా మీ పిల్లల్ని వెనకబడ్డారంటే ముందు కళ్లు, చెవులు చూపించండి. పిల్లలు తమకి కనబడట్లేదని చెప్పరు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు.

తాతయ్యకబుర్లు
ఆకుల మాట చదివి కళ్లలో నీళ్లు తిరిగాయమ్మా.

ఇద్దరుపిల్లలనాన్న
@చీకట్లోచుక్క రేపే తీసుకెళ్తున్నాను అక్కా.

వెన్నెలవాకిలి
3ని, ఇంగ్లీషు 'బి'ని తిరగేసి రాయడం కూడా కళ్ల వల్లేనా? మా అమ్మాయి అలాగే రాస్తుంది.

పలకాబలపం
సాధారణంగా కాదు. కప్పుని ఎటు తిప్పినా కప్పే కదా, అక్షరం మాత్రం తిప్పితే వేరే అక్షరం అవుతుందన్నది పిల్లలకి కొత్త విషయం. ఏడేళ్ల దాకా ఇలా రాసేవాళ్లు చాలామంది ఉంటారు. రెండో తరగతి అయిపోతున్నా అలాగే ఉండి, చదవడం కూడా బాగా కష్టంగా ఉంటే అప్పుడు నిపుణులకి చూపించాలి.

ఇక రైలుబండి గారి ప్రశ్న. అవమానం సంగతి నిజమే, దాన్ని తీసిపారేయను. అందుకే బడితో గొడవ పెట్టుకోమనను, మాట్లాడమంటాను. ఇవి చేతిలో పెట్టుకుని వెళ్లండి. 2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశ, మూడేళ్ల పూర్వ ప్రాథమికం, దాంతోపాటు ఒకటి, రెండు తరగతులు. అంటే ఒకటో తరగతి ఇంకా ఆటల దశలోనే ఉంది. ఆరేళ్లు నిండాకే ఒకటిలో చేర్చుకోమని 2023 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలకి మళ్లీ చెప్పింది. మీవాడికి ఇంకా నిండలేదన్నారు, అది టీచరుకి గుర్తు చేయండి. ఆ వయసులో ఆర్నెల్ల తేడా అంటే చాలా ఎక్కువ. 2020లోనే వచ్చిన బడి సంచుల విధానంలో రెండో తరగతి దాకా హోంవర్కే వద్దని ఉంది. సాయంత్రం ఏం ఆడారో, ఏం చేశారో క్లాసులో పిల్లలతో చెప్పించమన్నారు. సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు.

సముద్రపుగాలి
మా పాప సంచి ఇప్పుడే తూచాను. పాప 19 కిలోలు, సంచి 4. ఏం చెప్పమంటారు.

రైలుబండి77
ఈ విధానం గురించి నాకు తెలియదు. హోంవర్కే వద్దని ఉందా నిజంగా? మా రెండోవాడు వచ్చే ఏడాది ఒకటిలో చేరతాడు. కొంచెం ఆలోచించాలి.

నీలిపెన్ను
చదువు ఒక్కటే కాదు, బాత్రూంకి వెళ్లాలని అడగడం, వాటర్ బాటిల్ మూత తీసుకోవడం, గుండీలు పెట్టుకోవడం, రెండు పనులు ఒకేసారి చెబితే గుర్తుపెట్టుకుని చేయడం, తన వంతు దాకా ఆగడం, ఇవన్నీ ఒకటో తరగతిలో రావాల్సినవే. మా బాబు మొదటి నెల బాత్రూంకి అడగడానికి మొహమాటపడి నానా తిప్పలు పడ్డాడు. దానికి మార్కులు ఉండవు కాబట్టి మేం పట్టించుకోలేదు.

పలకాబలపం
వంద శాతం. ఇంకోటి, పెన్సిల్ పట్టు. వేళ్లలో బలం లేనివాడితో నాలుగు పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే విసుగు పుడుతుంది. మట్టితో బొమ్మలు చేయించండి, కాగితాలు చింపించండి, కత్తెరతో గీత మీద కత్తిరించమనండి. రాత దానంతట అది కుదురుతుంది.

ఇద్దరుపిల్లలనాన్న
పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను, అందరికీ చెప్పాలి కదా.

కళ్లు, చెవులు చూపించాం, రెండూ బాగున్నాయి. టీచరు గారిని విడిగా కలిశాను. నేను అనుకున్నట్టు ఆవిడ కోపంగా ఏమీ లేరు. క్లాసులో 42 మంది. విద్యా హక్కు చట్టంలో ప్రాథమిక తరగతులకి ముప్పై మందికి ఒక టీచరు అని ఉంది కదా మేడం అంటే నవ్వి ఊరుకున్నారు. పోర్షన్ తన చేతిలో లేదు, పైనుంచి వస్తుందట. కానీ వయసు సంగతి ఆవిడ చూసుకోలేదట, రిజిస్టర్ తీసి చూశారు. క్లాసులో అందరికన్నా చిన్నవాడు మావాడే. వెనక్కి రాసే అంకెలు, కాపీ రైటింగ్ ఇంట్లో ఒక పేజీ చాలన్నారు. ఎక్కాలు అడగనన్నారు. రోజూ ఒక పది నిమిషాలు చదివించి పంపండి అన్నారు.

ఇంట్లో స్ట్రా కట్టలు కడుతున్నాం. నిన్న మళ్లీ ఏడు పెన్సిళ్లు తెమ్మన్నాను. ఈసారి డబ్బా నేల మీద బోర్లించాడు. ఒక్కోటి తీసి పక్కన పెడుతూ లెక్కపెట్టాడు. ఐదు దగ్గర ఆగి, ఐదింటినీ ఒక చేత్తో దగ్గరికి లాక్కుని, నా వైపు చూసి "ఇంకా రెండు" అన్నాడు. రెండు తీసి కలిపి ఇచ్చాడు.

లెక్కలమాస్టారు
ఐదు దగ్గర ఆగి "ఇంకా రెండు" అన్నాడా? ఎవరూ నేర్పకుండా? అదేనండీ కూడిక. ఏడులో ఐదూ రెండూ ఉన్నాయని వాడికి వాడే కనిపెట్టాడు. ఇప్పుడే గుర్తు వేసి రాయడం నేర్పకండి, ఇంకో వారం ఇలాగే అడుగుతూ ఉండండి. తర్వాత ఒక కట్ట పక్కన పెట్టి పన్నెండు తెమ్మనండి. కట్ట విప్పి మొదటి నుంచి లెక్కపెడతాడా, కట్టని అలాగే ఉంచి "ఇంకా రెండు" అంటాడా చూసి ఇక్కడ రాయండి.

తాతయ్యకబుర్లు
రాయడం మర్చిపోకు నాయనా, మేమంతా ఎదురుచూస్తుంటాం.